కోయక చూచు విద్య
(వార్షికసభయందు చేసిన ఉపన్యాసము)



కార్యక్రమపత్రమునందు మా పేరునకు ఎదురుగా "వైద్యవిషయము" అని ముద్రింపబడియున్నది. ముప్పదియేండ్లకు పైగా బాలురచేత శబ్దములును ధాతువులును వల్లెవేయించిన బడిపంతులునకు వైద్యముతో నేమి పనియని కొందరు లోలోపల నవ్వుకొనవచ్చును. మేము వైద్యులము కాము, మందు చెప్పము. కంటిని కోయకుండ, కంటిని తాకకుండ, కంటిలోని పొరలను ఒక్కొక్కటిగ వేరుచేసి చూపు ఒక విద్య మన కాలములో పుట్టినది. దానిని గూర్చియు, అది మనకు ఏల కావలసినదో దానిని గూర్చియు మాత్రమే చెప్పబూనితిమి.

మనది చూపుతో బ్రదుకు కులము. జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడిరేకుపై నగిషీ చెక్కు మనవారి పనితనమునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ రేకుమీద ఉలి వెంట్రుకవాసి తప్పినచో లతయు తప్పును, పుష్పమును తప్పును. మంగళసూత్రమునకు అతుకు పెట్టువాడు, రవ్వ పొదుగువాడు, తలుపుచెక్కపై చిలుకను తీర్చువాడు, అందరును కన్నునే పెట్టుబడిగ పెట్టినవారు. ఈ గంగారము 2016లో మండలమైనది గాని మనవారి కుటుంబములు అంతకు చాలముందునుండియు ఈ అడవిపల్లెలలో నాగళ్ళు చెక్కుచు, పుస్తెలు చేయుచు నుండినవే. ఇట్టివారికి చూపు మందగించుట ఒక రోగము మాత్రమే కాదు, పరువునకు సంబంధించిన మాట. "ఫలానావానికి కన్ను ఆనుట లేదట" అని ఊరిలో వినబడినదా, ఆ మరునాటినుండి ఆ యింటికి బంగారము రాదు. కావున మనవారు దానిని దాచుదురు. దీపమును దగ్గరకు జరుపుకొందురు, చిన్నపనిని కొడుకునకు అప్పగింతురు, పండుగ తరువాత చూపించుకొందమందురు. పండుగలు మనకు తక్కువ కావు.

దాచుటకు తోడు మరియొక చిక్కు గలదు. దాచదలచనివానికి సైతము తెలియకుండ వచ్చు నేత్రరోగములు కొన్ని యున్నవి. మధుమేహము, అనగా ఇప్పుడందరును షుగరు అనుచున్నది, కంటిలోపలి సన్నని రక్తనాళముల గోడలను మెల్లమెల్లగ చెరచును. గోడ బలహీనమైన చోట నాళము బుడిపెలుకట్టును, ఆ పిదప చెమరించును, నీరు పొరలలో దిగును. నొప్పి లేదు, ఎరుపు లేదు, చాలకాలము చూపునందు మార్పును లేదు. మన దేశమునందు 10 కోట్లకు మించినవారికి మధుమేహము గలదని 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధన మండలి వారి సర్వే తెలుపుచున్నది. నీటికాసులను రోగము మరింత మాటుదొంగ. కంటినుండి మెదడునకు పోవు నాడియందు సుమారు పదిలక్షల సన్నని తంతువు లుండును. వానిలో ఎన్నియో నశించిన తరువాతగాని రోగికి లోటు తెలియదు, ఏలయన ముందుగా పోవునది ప్రక్కచూపు. ఎదుట నున్న పుస్తెను చూచువాడు ప్రక్కనున్న గుమ్మమును తన్నుకొనును, తొందరపాటనుకొనును.

ఇది మా ఊహ కాదు. 1996 మొదలు 2000 వరకు హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగరు, పశ్చిమగోదావరి ప్రాంతములలో పదివేలమందికి పైగా జనులను పరీక్షించిరి. నూటికి ఇద్దరికి కొంచెము తక్కువగా అంధులుండిరి. అంధత్వమునకు మొదటి కారణము శుక్లము, ఇది తీయదగినదే. ఐనను హైదరాబాదు నగరమునందు నీటికాసులున్నట్లు తేలినవారిలో పదింట తొమ్మిదిమందికి తమకా రోగమున్న సంగతియే అంతకుముందు తెలియదట! నగరవాసుల గతియే యిదియైనప్పుడు వాగు పొంగిన దినమున దారి తెగిపోవు పల్లెల సంగతి చెప్పనేల?

ఉన్నది ఏల కనబడదు? ఈ ప్రశ్నను మన పూర్వులు బాగుగ విచారించిరి. సాంఖ్యులును, చరకుడును ప్రత్యక్షమునకు అడ్డువచ్చు కారణములను ఎనిమిదింటిని లెక్కించిరి. మిక్కిలి దూరమైనది కనబడదు. మిక్కిలి దగ్గరైనదియు కనబడదు. కంటికి పెట్టుకొన్న కాటుక కంటికే కనబడదు గదా. ఇంద్రియము చెడినను, మనస్సు వేరొకచోట నున్నను, వస్తువు మరీ సూక్ష్మమైనను, నడుమ గోడ యున్నను కనబడదు. పగటివేళ నక్షత్రములు సూర్యకాంతిచేత అణగియుండునట్లు ఒకటి మరియొకదానిచే అభిభూతమైనను కనబడదు. మినుములరాశిలో వేసిన మినపగింజవలె సమానవస్తువులలో కలిసిపోయినను కనబడదు. మేము తరగతిలో ఈ ఎనిమిదింటిని చెప్పునపుడెల్ల పిల్లలు కాటుకమాటకు నవ్వెడివారు. కంటిలోపలి పొరను చూడబోవు వైద్యునకు ఈ అడ్డంకులలో నాలుగైదు ఒక్కసారిగ ఎదురగును. పొర అతిసూక్ష్మము. అది నల్లని పాపవెనుక చీకటిగదిలో నున్నది. అందుండి వచ్చు కాంతి మిక్కిలి స్వల్పమగుటచే ఇతరకాంతిలో అణగిపోవును. అక్కడక్కడ చెదరి వచ్చిన కాంతితో కలిసి మినపగింజయు నగును.

సుశ్రుతుడు ఉత్తరతంత్రమునందు 76 నేత్రరోగములను చెప్పినాడు. తిమిరరోగము దృష్టిపటలములు నాలుగింటిలో ఒకదానినుండి మరియొకదానికి చేరుచు ముదురునని ఆయన మతము. రోగము రెండవ పటలమును చేరునప్పటికి రోగి సూదిబెజ్జమును చూడలేడట. సూదితో పనిచేయువానికి రోగము ముందుగా ఎచ్చట బయటపడునో ఎంత చక్కగ పట్టినాడు! రోగము పొరలలో నడచును, పొరనుబట్టి దాని దశను నిర్ణయింపవలెను అను ఈ చూపు గొప్పది. అంతమాత్రమున నేటి యంత్రములన్నియు మన గ్రంథములలో నున్నవని సభలలో చప్పట్లు కొట్టించువారితో మేము ఏకీభవింపము. సుశ్రుతుని పటలములు నేటి శరీరశాస్త్రపు పొరలకు సరిగా సరిపోవు. ఆయనకు జీవించియున్నవాని కంటి అడుగు కనబడలేదు, లక్షణములనుబట్టి ఊహించినాడు. అనుమానప్రమాణమును ఆ దూరము నడిపినవానికి నమస్కరించుటకు అబద్ధము తోడు అక్కరలేదు.

బ్రదికియున్న మనుష్యుని కంటియడుగును వైద్యులు తేటగా చూడగలిగినది 1851 ప్రాంతమునుండియే. జర్మనీ దేశీయుడైన హెల్మ్‌హోల్ట్జ్ అను పండితుడు ఆఫ్తాల్మోస్కోపు అను సాధనమును నిర్మించి, వైద్యుని చూపును దీపపుకాంతియు ఒకే త్రోవను పాపలోనికి పోవునట్లు చేసెను. అంతవరకు నల్లగానుండిన పాపవెనుక ఎర్రని నేలయు, దానిపై కొమ్మలువోవు నాళములును కనబడినవి. ఐనను అది పైనుండి చూచుటయే. చెరువునీటిని గట్టుమీదనుండి చూచినవానికి లోతు తెలియదు. రెటీనా, అనగా కంటి వెనుకగోడనున్న చూపుపొర, మిల్లీమీటరులో సుమారు నాలుగవవంతు మందము. అంతటి మందములోనే పది పొరలు! ఏ పొర ఉబ్బినదో, ఏది పలుచనైనదో చెప్పవలెనన్న దానిని కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిక్రింద పెట్టవలసినదే. చర్మమునుండియో కాలేయమునుండియో చిన్నతునుకను కోయవచ్చును గాని, చూచుచున్న కంటి రెటీనాను చూచుటకై కోయుదురా?

మన కంసాలివారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. నగలోని బంగారమెంతయో తెలియుటకు దానిని మూసలో వేసి కరగించినచో నిజము తెలియును, నగ మాత్రము పోవును. అందుకే ఒరగల్లు పుట్టినది. నగను చెరపక, గీతనుబట్టి వన్నె చెప్పుట. శరీరమునకును అట్టి ఒరగల్లు ఒకటి కావలెనని వైద్యులు చిరకాలము కోరిరి. అది 1991లో దొరకినది. అమెరికాయందలి మాసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్ ప్రభృతులు "ఆప్టికల్ కోహిరెన్స్ టోమోగ్రఫీ" అను పద్ధతిని సైన్సు పత్రికలో ప్రకటించిరి. వైద్యశాలలలో దీనిని ఓ.సి.టి. యందురు. మొదటి చిత్రములు శరీరమునుండి వేరుచేసిన కంటివి. 1993 నాటికి జీవించియున్నవారి కన్నులను చూపగలిగిరి. 2023లో ఆ మువ్వురికిని లాస్కర్ పురస్కారము లభించినది.

ఇది ఎట్లు పనిచేయును? దిగుడుబావిలోనికి కేకవేసినచో ప్రతిధ్వని వచ్చును. వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి లోతును ఊహింపవచ్చును. ఓ.సి.టి.యందు కేకకు బదులు కాంతి. కంటికి అంతగా ఆనని ఎర్రకు ఆవలి కాంతిని సన్నగా లోనికి పంపుదురు. ఒక్కొక్క పొరనుండి కొంచెము కొంచెముగ అది మరలి వచ్చును. చిక్కేమనగా కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగిడును. మిల్లీమీటరులో నూరవవంతు లోతునకు పోయివచ్చుటకు దానికి పట్టుకాలము, సెకనును కోటికోట్ల పాళ్ళు చేసినచో అందు ఏడు పాళ్ళయినను కాదు. ఏ గడియారము దీనిని కొలవగలదు?

కావున కాలమును కొలుచుట మాని, అలలను కలుపు ఉపాయము పన్నిరి. పాకాల చెరువులో రెండు రాళ్ళను ఒకేమారు వేసిచూడుడు. రెండు అలలవలయములు కలిసినచోట, శిఖరముపై శిఖరము పడిన తావున నీరు ఎత్తుగ లేచును, శిఖరముపై పల్లము పడిన తావున నీరు చదునగును. కాంతియు అలయే. ఒకే కాంతిని రెండు పాయలుగ చీల్చి, ఒకదానిని అద్దముమీదికి, మరియొకదానిని కంటిలోనికి పంపి, మరలివచ్చినవానిని కలిపిచూతురు. ఇట్టి అమరికను మైకెల్సన్ అను శాస్త్రజ్ఞుడు 1881లోనే వేరొక పనికై వాడినాడు. ఇచ్చట విశేషమేమనగా, వాడు కాంతి పొడవైన అలలవరుస కాదు, తునుకతునుకలైన కురుచ అలలు. అద్దపుత్రోవయు కంటిత్రోవయు సరిసమానమైనప్పుడు మాత్రమే ఆ తునుకలు ఒకదానినొకటి కలిసికొని వెలుగునీడల చారలు చూపును. వెంట్రుకవాసిలో అయిదవవంతో పదవవంతో తేడా వచ్చెనా, చారలు మాయము. అద్దమును ఒకచోట నిలిపిన ఒక లోతునుండి వచ్చిన కాంతి మాత్రమే పలుకును. జరిపిన మరియొక లోతు పలుకును. మినుములరాశిలో మన మినపగింజ "నేనిచ్చట" అని తానే చెప్పినట్లు! పగటినక్షత్రమువలె అణగియున్న స్వల్పకాంతి సైతము అద్దమునుండి వచ్చిన బలమైన కాంతితో చేయి కలుపుటచే బయటపడును.

మొదటి యంత్రములు అద్దమును జరుపుచు సెకనుకు కొన్ని వందల గీతలు గీసెడివి. తరువాతివి అద్దమును కదపక, మరలివచ్చిన కాంతిని వన్నెలుగ విడదీసి, గణితముచేత అన్ని లోతులను ఒక్కమారే రాబట్టుచున్నవి. సెకనుకు పదివేలగీతలు దాటినవి. రోగి రెప్పవేయులోపల చిత్రము ముగియును.

మేమును ఒక వైద్యశాలలో ఆ యంత్రము ముందు కూర్చుంటిమి. గడ్డమును ఒక ఆధారముపై నుంచి, నుదురు పట్టీకి ఆనించి, లోపల కనబడు గుర్తును కదలక చూడుమనిరి. ఏదియు తాకలేదు, ఏదియు మండలేదు. ఆ పిమ్మట తెరపై చూపిన చిత్రము, వాగుగట్టు విరిగినచోట ఇసుకయు రేగడియు గరుసును వరుసలుగ కనబడునట్లు తోచినది. నడుమ ఒక చిన్నపల్లము. సూదిబెజ్జమును చూచునది, అక్షరమును చదువునది, రవ్వను ఎంచునది ఆ పల్లమేనని వైద్యురాలు చెప్పినది. మధుమేహముచే నీరుదిగిన కంటిలో ఆ పల్లము పూడి మెట్టయగును. పొరలనడుమ నల్లని గదులు ఏర్పడును. ఇవి చూపు మందగింపకముందే కొందరిలో కనబడవచ్చును. నీటికాసులలోనైతే నాడీతంతువులపొర పలుచనగుట కనబడును. ఏటేట తీసిన చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టినచో అరుగుదల ఎంత వడిగా సాగుచున్నదో తెలియును. కనుపాపను పెద్దది చేయు చుక్కలు వేసినచో కొన్ని గంటలు చూపు మసకబారునుగాన, తోడొకరిని తీసికొనిపోవుట మేలు. మేము ఒంటరిగ పోయి బస్సుపై వ్రాసిన ఊరిపేరు చదువలేక నిలుచుంటిమి.

యంత్రమునకు హద్దులును గలవు. కన్ను స్వభావముచేతనే పారదర్శకమగుటచే అక్కడ దాని ప్రభావము పూర్తిగ చెల్లినది. చర్మమువంటి చోట్ల కాంతి ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే చెదరిపోవును. సన్నని గొట్టమును రక్తనాళములోనికి పంపి గుండెనాళముల గోడలను ఇదే పద్ధతితో చూచుచున్నారు. అది వేరొక ఉపన్యాసము. శుక్లము దట్టమైనచో కాంతి లోనికే పోదు. ఇక చిత్రము రోగమును చూపునేగాని మాన్పదు: నీరుదిగినదానికి కంటిలోనికి సూదిమందో, లేజరు చికిత్సయో కావలెను, నీటికాసులకు చుక్కలో, శస్త్రచికిత్సయో. నీటికాసులచే పోయిన చూపు మరల రాదు, ఉన్నదానిని నిలుపుకొనుటయే.

తెలుగునాట ఈ విద్యకు ఆధారము లేకపోలేదు. చలనచిత్రనిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి విరాళముతో, గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి పూనికతో 1987లో వెలసిన హైదరాబాదు సంస్థను మీరు వినియేయున్నారు. వారు పెద్దభవనముతో తృప్తినొందక 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోలులో గ్రామీణకేంద్రమును తెరచిరి. సుమారు 50 వేలమంది జనమునకు ఒక దృష్టికేంద్రము, దానిపైన చికిత్సాలయము, ఆపైన బోధనాలయము, శిఖరమున హైదరాబాదు, ఇట్లు గోపురమువలె కట్టినారు. గోపురమునకు అడుగుననే ఎక్కువ రాయి. మనకు దగ్గరలో వరంగల్లునందు ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాల గలదు. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపురములో ప్రారంభించిన కంటివెలుగు మొదటివిడతలో కోటిన్నరమందికి కన్నులు పరీక్షించిరి. 2023లో రెండవవిడత జరిగినది. మనవారు ఎందరో అందు కండ్లద్దములు తెచ్చుకొనిరి. మంచిదే. ఐతే అద్దములు వచ్చినవిగదాయని కంటిలోపలి పరీక్ష అక్కరలేదనుకొనుట ప్రమాదము. అద్దము చూపును సవరించును, నాళమును సవరింపదు.

ఇక దాతలతో ఒక మాట. మన సంఘమునకు ఒక ఓ.సి.టి. యంత్రమును కొని, చలువరాతిపై పేరు చెక్కించి, ఇచ్చటనే నెలకొల్పవలెనని ఇద్దరు పెద్దలు మాతో ప్రస్తావించిరి. వారి ఔదార్యమునకు చేతులెత్తి మ్రొక్కుచు, మేము వలదనుచున్నాము. ఆ యంత్రమునకు లక్షలు పోయవలెను. పోసినను, నడుపువాడును, చిత్రమును చదువు వైద్యుడును లేనిచోట అది దుప్పటి కప్పుకొని నిద్రించును. మధుమేహరోగికి మొట్టమొదట కావలసినది ఏటికొకసారి కనుపాప విప్పి చేయు పరీక్షయో, కంటియడుగు ఛాయాచిత్రమో. అందు అనుమానము కలిగినవారే పెద్దయంత్రము ముందు కూర్చుండవలెను. ఛాయాచిత్రయంత్రము వెలయు తక్కువ, మోయుటయు సులభము. దానిని ఊరికి తెచ్చు వైద్యబృందమును పిలుచుటకును, అనుమానితులను వరంగల్లునకో హైదరాబాదునకో తీసికొనిపోయి తీసికొనివచ్చుటకును ద్రవ్యము కావలెను. బండికిరాయి, తోడువచ్చువాని కూలి, అక్కడ రెండుపూటల భోజనము: ఇవి చలువరాతిమీద చెక్కుటకు అందముగనుండవు. మనవారు ఆగిపోవునది మాత్రము వీనివద్దనే. పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు వెంట మేడారమునకు కాలినడకను పోవు జనము గల సీమ యిది. నడచుటకు వెరచువారెవరును లేరు. ఒకదినము పని మానినచో పొయ్యిలోనికి పిల్లి చేరునని వెరతురు.

మరియొకటి. దృష్టికేంద్రములలో పనిచేయువారికి ఇంటరు చదివినవారిని చేర్చుకొని ఒక సంవత్సరము శిక్షణ నిచ్చుచున్నారు. మన కుటుంబములలో ఇంటరు ముగించి యింట కూర్చున్న ఆడపిల్లలు ఎందరు లేరు? ఏటికి ఇద్దరికి ఆ శిక్షణకాలపు వసతివ్యయమును సంఘము భరించినచో, మూడేండ్లలో ఆరుగురు తయారగుదురు. తాతకు తన చూపు మందగించినదని పరాయివానితో చెప్పుటకు సిగ్గుండవచ్చును. మనుమరాలివంటి పిల్లతో చెప్పును. ఇతరకులములవారికిని ఆ పిల్ల చూచును, కోయవారికిని చూచును. ఇందు మాకు అభ్యంతరము లేకపోవుట యటుండగా, సంతోషము.

కార్యదర్శిగారి బల్లపై ఒక పుస్తకము పెట్టించితిమి. నలువది నిండినవారును, వయసుతో పనిలేక షుగరున్నవారును అందు పేరు, ఊరు, షుగరు ఎన్నేండ్లనుండి యున్నది, కంటిలోపలి పరీక్ష ఎప్పుడు చేయించుకొన్నది వ్రాయవలెను. ఎన్నడును చేయించుకొననివారు ఆ గడిని ఖాళీగ నుంచవలెను; ముందుగా పిలువబడువారు వారే. చూపు తగ్గినదా లేదా యని అందు ఎవరిని అడుగలేదు, కావున ఎవరును దాచవలసిన పనియు లేదు. వంటలు సిద్ధమగుటకు ఇంకను అరగంట పట్టునని చెప్పుచున్నారు. ఆలోపల వరుసగా వచ్చి వ్రాయుడు. వ్రాయలేనివారికి మేము అక్కడనే కూర్చుండి వ్రాసిపెట్టెదము.